వెళ్లిన గుర్రానికి తిరుగుదారి లేదు
ఐస్‌లాండ్ గుర్రాన్ని కొనేముందు, అమ్మేముందు చూడాల్సిన అంకెలు

కెఫ్లావిక్ విమానాశ్రయంలో సరకు విమానం ఎక్కిన ఐస్‌లాండ్ గుర్రం మళ్లీ ఆ నేల మీద కాలు పెట్టదు. బయట పోటీల్లో గెలిచినా, జబ్బుపడినా, కొన్న కుటుంబం వద్దనుకున్నా దాన్ని వెనక్కి రానివ్వరు. చట్టం ఒప్పుకోదు. 2021లో ఇలా దేశం దాటిన గుర్రాలు 3 వేలకు పైనే.

చిన్న ఒడ్డూపొడవూ, గట్టి ఎముక, ఒత్తైన జూలు, సాధుగుణం. పదేళ్ల పిల్లనూ మోస్తుంది, ఆమె తండ్రినీ మోస్తుంది. కొండ ఎక్కుతుంది, వాగు దాటుతుంది, పోటీలో పరుగెడుతుంది. ఇంటిల్లిపాదికీ ఒకే గుర్రం కావాలనుకునే యూరప్, అమెరికా కుటుంబాలు దీన్ని వెతుక్కుంటూ వెళ్లేది అందుకే. దీనికి అతి పెద్ద విదేశీ మార్కెట్ జర్మనీ. అక్కడా, స్వీడన్, డెన్మార్క్, అమెరికాల్లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు స్వారీ నేర్చుకునే బడిలో ఈ గుర్రం ఎదురుపడటం వింతేమీ కాదు. పిల్ల ఏడాది నేర్చుకున్నాక ‘మనమే ఒకటి కొందాం’ అనే మాట ఇంట్లో మొదలవుతుంది.

ఆ మాట మొదలైన ఇంటికోసం ఈ వివరాలు. వస్తువు నచ్చకపోతే తిరిగి ఇచ్చేయవచ్చన్న ధీమాతో మనం చాలా కొంటాం. ఈ బేరంలో ఆ ధీమాకు చోటు లేదు. తప్పు జరిగితే కొన్నవాళ్లు కొంత డబ్బు పోగొట్టుకుంటారు, అమ్మినవాళ్లు కొంత పేరు పోగొట్టుకుంటారు. మిగిలిన నష్టమంతా నోరులేని గుర్రం మీద పడుతుంది. కాబట్టి చూడాల్సిందంతా విమానం కదలకముందే చూడాలి. అదృష్టవశాత్తు ఈ జాతి విషయంలో చూడటానికి చాలా అంకెలే ఉన్నాయి.

982: తలుపు మూసిన ఏడాది

ఐస్‌లాండ్‌కు జనం వలస వచ్చింది తొమ్మిదో శతాబ్దం చివర్లో. నార్వే నుంచి, బ్రిటిష్ దీవుల నుంచి ఓడల్లో తెచ్చుకున్న కొద్దిపాటి గుర్రాలే ఈ జాతికి మూలం. 930లో ఏర్పడిన అక్కడి సభ ఆల్తింగి, 982లో బయటి గుర్రాల దిగుమతిని నిషేధించిందని చెబుతారు. ఆ నిషేధం నేటికీ అమల్లో ఉంది. వెయ్యేళ్లకు పైగా మరో జాతి రక్తం కలవలేదు.

మధ్యలో ప్రకృతి చేసిన ఏరివేత భయంకరమైనది. 1783 జూన్‌లో లాకి దగ్గర నేల చీలి లావా పొంగింది. 8 నెలలు ఆగలేదు. విషపు బూడిద పడిన గడ్డి మేసీ, మేయడానికి గడ్డే లేకా దాదాపు 70 శాతం గుర్రాలు చనిపోయాయి. మిగిలిన 30 శాతం సంతానమే ఇవాళ్టి గుర్రాలన్నీ. కొద్దిపాటి మేతతో బతకడం, చలికి ఓర్చుకోవడం వాటికి అలా అబ్బిన గుణాలు.

ఈ ఏకాంతం వల్ల లాభమూ ఉంది, ప్రమాదమూ ఉంది. మిగతా ప్రపంచంలో గుర్రాలను పీడించే అంటురోగాలు చాలావరకు ఆ దీవిని చేరలేదు. వాటిని తట్టుకునే శక్తీ అందుకే ఆ గుర్రాలకు లేదు. 2010 వసంతంలో ఒక దగ్గు జబ్బు మొదలైంది. స్ట్రెప్టోకోకస్ జూఎపిడెమికస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చినది. అప్పుడు దేశంలో ఉన్న 77,000 గుర్రాల్లో దాదాపు అన్నింటికీ సోకింది. ఎగుమతులు ఆగిపోయాయి. 1950 నుంచి జరుగుతున్న జాతీయ గుర్రాల ఉత్సవం లాండ్స్‌మోత్‌ను ఆ ఏడాది రద్దు చేసి, 2011లో జరిపారు. బయటివాళ్లు వాడిన జీను, కళ్లెం కూడా దేశంలోకి తేనివ్వకపోవడం వెనక ఉన్న భయం ఇదే.

ఆ దేశ జీవితంలో గుర్రానికున్న చోటు తెలియాలంటే మరో లెక్క చూడండి. 2010లో ఐస్‌లాండ్ జనాభా 3 లక్షల 18 వేలు. అంటే నలుగురు మనుషులకు ఒక గుర్రం. మన దేశంలో 2019 పశుగణన ప్రకారం గుర్రాలు, పోనీలు కలిపి సుమారు 3 లక్షల 40 వేలు. ఇంచుమించు 4,000 మందికి ఒకటి. 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాక మిగిలిన సంఖ్య ఇది.

350 కిలోలు: ఎవరిని మోయగలదు?

ఐస్‌లాండ్ గుర్రం భుజం దగ్గర 132 నుంచి 142 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. బరువు సాధారణంగా 330 నుంచి 380 కిలోలు. చూడటానికి పొట్టిగా ఉన్నా పెద్దవాళ్లను మోస్తుందన్న పేరుంది. ఆ పేరు నిజమే, హద్దు ఉందన్నదీ నిజమే.

గుర్రం తన బరువులో 20 శాతం దాకా హాయిగా మోస్తుందన్నది చాలామంది స్వారీ శిక్షకులు పాటించే లెక్క. 350 కిలోల గుర్రానికి అది 70 కిలోలు. జీను, కళ్లెం, మిగతా సామగ్రికి 8 నుంచి 10 కిలోలు తీసేస్తే మనిషికి మిగిలేది 60 కిలోల చిల్లర. ఐస్‌లాండ్ పరిశోధకులు ఈ జాతి గుర్రాల మీద 20 నుంచి 35 శాతం దాకా బరువు పెంచుతూ పరుగెత్తించి, గుండె వేగాన్నీ రక్తంలో లాక్టేట్‌నూ కొలిచారు. సగటున 23 శాతం దగ్గర కండరాలకు ఆక్సిజన్ చాలకపోవడం మొదలైంది. 350 కిలోల గుర్రానికి ఆ 23 శాతమంటే 80 కిలోలు, జీనుతో సహా. గుర్రానికీ గుర్రానికీ తేడా బాగా కనిపించింది కూడా.

కాబట్టి ‘ఇంటిల్లిపాదికీ ఒకే గుర్రం’ అనుకునే కుటుంబం ముందు తమ ఇంట్లో అందరికంటే బరువైన మనిషి ఎంత ఉన్నారో రాసుకోవాలి. నాన్న 95 కిలోలుంటే, ఆయన కూడా వారానికి మూడుసార్లు ఎక్కాలనుకుంటే, అందరికీ ఒకే గుర్రం అన్న ఆలోచన అక్కడే మార్చుకోవాలి. దిట్టమైన నడుము, మందమైన కాలి ఎముక ఉన్న గుర్రాన్ని వెతకాలి. లేదా నాన్న పక్కన నడవాలి.

5 నడకలు, 1 జన్యువు

చాలా జాతుల గుర్రాలకు సహజంగా ఉండేవి మామూలు నడక, జంట కాళ్లతో ఎగిరెగిరి సాగే ట్రాట్, దౌడు. ఈ జాతికి మరో రెండు ఉంటాయి. ఒకటి టోల్ట్. నాలుగు గిట్టలూ ఒకదాని తర్వాత ఒకటి సమంగా పడతాయి, ఎప్పుడూ కనీసం ఒక కాలు నేల మీదే ఉంటుంది. వేగం పెరిగినా వీపు ఎగిరిపడదు, నడుం నొప్పి ఉన్నవాళ్లు కూడా గంటల తరబడి కూర్చోగలరు. రెండోది ఫ్లయింగ్ పేస్. ఒకే పక్క కాళ్లు రెండూ కలిసి కదులుతాయి. గంటకు 48 కిలోమీటర్ల దాకా అందుకునే ఈ పరుగు పందేలకు పనికొస్తుంది, పిల్లలకు పనికిరాదు.

ఈ నడకల వెనకున్న జన్యువును స్వీడన్ శాస్త్రవేత్తల నాయకత్వంలోని బృందం 2012లో ప్రకటించింది. పేరు డీఎంఆర్‌టీ3. కాళ్ల కదలికను సమన్వయం చేసే వెన్నుపాములోని నరకణాల మీద దీని ప్రభావం ఉంటుంది. ఈ జన్యువులో ఒక మార్పు ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ఆ మార్పు రెండు ప్రతులూ అందుకున్న గుర్రాలే దాదాపుగా అయిదు నడకలూ నడుస్తాయి. ఒక్క ప్రతే ఉన్నవి సాధారణంగా నాలుగు నడకల గుర్రాలు. వీటికి ట్రాట్, దౌడు తేలికగా వస్తాయి.

వెంట్రుకలతో చేసే చిన్న పరీక్షలో ఈ సంగతి తెలిసిపోతుంది. కొనేవాళ్లకు దీని ఉపయోగం సూటిగా ఉంటుంది. పందెం మీద మనసున్న రౌతుకు అయిదు నడకలు కావాలి. కుటుంబానికి నాలుగు నడకల గుర్రమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అయిదు నడకల గుర్రాల్లో టోల్ట్ నుంచి పేస్‌లోకి జారిపోయేవి ఎక్కువ. దాన్ని సరిదిద్దడానికి అనుభవమున్న చెయ్యి కావాలి.

గుర్రం పిల్లల్ని పుట్టించే వాళ్లకు మరో లెక్క. ఒక్కో ప్రతి ఉన్న ఆడ, మగ గుర్రాలను కలిపితే పుట్టేవాటిలో సగటున 25 శాతానికి రెండు ప్రతులు, 50 శాతానికి ఒక ప్రతి, 25 శాతానికి అసలు లేకపోవడం జరుగుతుంది. ఆ చివరి 25 శాతానికి టోల్ట్ నేర్పడం చాలా కష్టం. టోల్ట్ రాని ఐస్‌లాండ్ గుర్రానికి బజారులో గిరాకీ పడిపోతుంది. అమ్ముడుపోని గుర్రాల్లో కొన్ని చివరకు మాంసంగా మారతాయి. ఐస్‌లాండ్‌లో గుర్రం మాంసం తినడం మామూలే. ఒక్క పరీక్షతో తప్పించగలిగిన పుట్టుకను తప్పించడం పెంపకందారు బాధ్యత.

రంగు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ జాతిలో రంగులు, వాటి ఛాయలు కలిపితే వందకు పైగా ఉంటాయి. నల్లని ఒంటిని చాక్లెట్ రంగుకూ జూలును వెండి రంగుకూ మార్చే ‘సిల్వర్’ గుర్రాలంటే కొనేవాళ్లకు మోజు. ఆ రంగునిచ్చే జన్యువే పుట్టుకతో వచ్చే కంటి లోపాలకూ కారణమవుతుంది. రెండు ప్రతులు వస్తే లోపం తీవ్రంగా ఉంటుంది. ఆ రంగు గుర్రం కొంటే కళ్ల పరీక్ష తప్పనిసరిగా చేయించండి.

4 శీతాకాలాలు: అమ్మేవాళ్ల పెట్టుబడి

‘ఇంత ధరా?’ అని కొనేవాళ్లు అనేముందు అమ్మేవాళ్ల పక్కన నిలబడి చూడాలి. ఆడగుర్రం కడుపుతో ఉండేది 11 నెలలు. పుట్టిన పిల్ల మీద నాలుగేళ్లు వచ్చేదాకా సాధారణంగా జీను వేయరు, ఎముకలు నెమ్మదిగా ముదిరే జాతి ఇది. అంతకాలం పిల్ల గుంపులో, కొండల్లో పెరుగుతుంది. వేసవిలో ఎత్తైన బీళ్లకు తోలిన గుర్రాలను శరత్కాలంలో ఊరంతా కలిసి కిందికి తోలుకొచ్చి, గుండ్రని దొడ్లలో ఎవరివి వాళ్లు వేరుచేసుకుంటారు. దాన్ని రెట్టిర్ అంటారు. అలా గుంపులో పెరిగిన గుర్రానికి సాటి గుర్రాలతో మెలగడం, రాళ్ల మీద కాలు చూసి వేయడం వచ్చేస్తాయి. కుటుంబ గుర్రానికి ఉండాల్సిన స్థిమితం చాలావరకు అక్కడే తయారవుతుంది.

ఆ తర్వాత స్వారీకి మప్పడానికి నెలలు, చేతి కింద నమ్మకంగా నడవడానికి మరో ఏడాదో రెండేళ్లో పడుతుంది. అంటే తల్లి కడుపున పడ్డ రోజు నుంచి, పిల్లలు ఎక్కగల గుర్రంగా బజారుకొచ్చే రోజుకు దాదాపు ఏడేళ్లు. ఇన్నేళ్ల మేత, మందులు, లాడాలు, శిక్షకుడి జీతం, మధ్యలో దెబ్బతిన్న లేదా పనికిరాకపోయిన తోబుట్టువుల ఖర్చు, అన్నీ ఆ ఒక్క ధరలో ఇమిడి ఉంటాయి. చౌకగా దొరికే గుర్రం విషయంలో అడగాల్సింది ఇదే: ఈ ఏడేళ్లలో ఏ భాగాన్ని దాటవేశారు? చాలాసార్లు జవాబు ‘శిక్షణ’ అనే వస్తుంది. స్వారీ ఇంకా నేర్చుకుంటున్న కుటుంబం, అప్పుడే మప్పిన అయిదేళ్ల గుర్రాన్ని కొనడం ఇద్దరికీ చేటు. మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పే వయసు 8 నుంచి 14 ఏళ్లు. ఈ జాతి 25 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది కాబట్టి 12 ఏళ్ల గుర్రం ముసలిది కాదు, పనిలో పండినది.

10 అంకెలు, 2 అక్షరాలు: గుర్రం చరిత్ర

ఈ జాతి బజారుకు ఉన్న గొప్ప బలం దాని నమోదు పద్ధతి. నమోదైన ప్రతి ఐస్‌లాండ్ గుర్రానికీ, అది ఏ దేశంలో పుట్టినా, ఒకే తరహా సంఖ్య ఉంటుంది. 1969లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘాల సమాఖ్య ఫేయిఫ్ గుర్తించే ఈ సంఖ్యలను వరల్డ్‌ఫెంగుర్ అనే ఆన్‌లైన్ రికార్డులో చూసుకోవచ్చు.

పేరు మోసిన విత్తన గుర్రం ఓర్రి సంఖ్య చూడండి: ఐఎస్ 1986186055. మొదటి రెండు అక్షరాలు ఐస్‌లాండ్‌లో పుట్టిందని చెబుతాయి. 1986 పుట్టిన ఏడాది. తర్వాతి 1 మగ అని, అక్కడ 2 ఉంటే ఆడ అని. 86 పుట్టిన ప్రాంతం. చివరి 055 వరుస సంఖ్య. అమ్మేవాళ్లు ‘తొమ్మిదేళ్ల ఆడగుర్రం’ అన్నదాన్ని ఈ సంఖ్యతో పోల్చడానికి అర నిమిషం చాలు. మెడలోని మైక్రోచిప్ సంఖ్య, పాస్‌పోర్టు, రికార్డు, మూడూ కలవాలి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానం, ఎవరి పేరున ఉంది, పరీక్షలకు నిలబడితే ఎన్ని మార్కులు వచ్చాయి అన్నవన్నీ అక్కడ దొరుకుతాయి.

మార్కుల సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవాలి. సంతానోత్పత్తికి ఎంచే గుర్రాలను నిపుణులు 5 నుంచి 10 మధ్య, అర మార్కు తేడాతో కొలుస్తారు. ఒడ్డూపొడవుకు కొన్ని అంశాలు, స్వారీలో కనిపించే నడకలకు, గుణానికి కొన్ని. మునుపు శరీర నిర్మాణానికి 40, స్వారీకి 60 శాతం ఉండేది. 2020 నుంచి 35, 65 అయింది. నిర్మాణంలో 8.20, స్వారీలో 7.60 తెచ్చుకున్న గుర్రం మొత్తం ఇప్పుడు 2.87 + 4.94 = 7.81. పాత లెక్కలో 7.84 అయ్యేది. 8.00 దాటిన గుర్రాన్ని మొదటి శ్రేణిగా పరిగణిస్తారు, ధరలు ఆ గీత దగ్గర ఎగబాకుతాయి.

ఇంట్లోకి గుర్రం కొనేవాళ్లు ఆ గీత కోసం డబ్బు పోయనక్కర్లేదు. ఈ పరీక్షలో గుర్రం ఉరకలెత్తే ఉత్సాహానికీ, ముందుకు దూసుకుపోవాలనే తపనకూ మార్కులు పడతాయి. పందెపు రౌతు చేతిలో అది వరం. పదేళ్ల పిల్ల చేతిలో అదే గుణం ప్రమాదం. చాలా మంచి కుటుంబ గుర్రాలు అసలు ఈ పరీక్షకే వెళ్లి ఉండవు. మార్కులు లేకపోవడం లోపం కాదు, రికార్డు లేకపోవడం మాత్రం లోపం.

మన దగ్గర గుర్రాల లక్షణాలు చూసే సంప్రదాయం పాతదే. మనుమంచి భట్టు తెలుగులో రాసిన హయలక్షణ విలాసము గుర్రాల గురించే. ఇవాళ్టికీ మన దేశపు సంతల్లో మార్వాడీ గుర్రం ఒంటి మీద సుడులు ఎక్కడున్నాయో చూసి ధర కట్టేవాళ్లున్నారు. తాతతండ్రుల పేర్లు చాలాసార్లు నోటిమాటగానే అందుతాయి. పుట్టిన రోజు నుంచి చావు దాకా ఒకే సంఖ్య కింద గుర్రం చరిత్రను రాసి, కొనేవాళ్లకు చూపించే పద్ధతిని మన జాతులకు పూర్తి స్థాయిలో అమర్చుకుంటే అమ్మేవాళ్లకూ గుర్రాలకూ మేలు జరుగుతుంది.

614లో 30 శాతం: ఎక్స్‌రే ఎందుకు?

ఐస్‌లాండ్‌లో 6 నుంచి 12 ఏళ్ల మధ్య స్వారీ గుర్రాలను 614 ఎంచి, వెనకకాలి మడమ కీలును ఎక్స్‌రే తీశారు. దాదాపు 30 శాతం గుర్రాల్లో కీలు అరుగుదల గుర్తులు కనిపించాయి. వాటిలో చాలా గుర్రాలు పైకి కుంటడం లేదు. వంశంలో వచ్చే అవకాశం ఉన్న జబ్బు ఇది, వయసుతో పెరుగుతుంది.

కళ్లతో చూస్తే బయటపడని ఈ లోపం కొన్న రెండు మూడేళ్లకు కుంటుగా బయటపడవచ్చు. కాబట్టి ఎగుమతికి అమ్మే స్వారీ గుర్రానికి కొనుగోలు ముందు వైద్య పరీక్ష అవసరం. అందులో కీళ్లు వంచి నడిపించి చూడటం, వెనకకాళ్ల ఎక్స్‌రే తప్పక ఉండాలి. పరీక్ష చేసే పశువైద్యుణ్ని కొనేవాళ్లే ఎంచుకోవాలి. అమ్మేవాళ్ల గుర్రాలకు రోజూ వైద్యం చేసే డాక్టరైతే, ఎంత నిజాయితీపరుడైనా ఇద్దరికీ ఇబ్బందే. పది గుర్రాల్లో మూడింటికి ఏదో ఒక గుర్తు కనిపించే జాతిలో, చిన్న గుర్తు కనబడగానే బేరం వదిలేయాలని కాదు. ఏ పనికి కొంటున్నామో డాక్టరుకు చెప్పి, ఆ పనికి ఈ కీలు ఎన్నాళ్లు నిలుస్తుందని అడగాలి.

సగానికి పైగా: ఒక చిన్న ఈగ చేసే చేటు

ఈ బేరంలో అన్నింటికంటే ముఖ్యమైన అంకె ఇది. యూరప్ ప్రధాన భూభాగంలో వేసవి వస్తే క్యూలికాయిడిస్ అనే ఈగలు గుర్రాలను కుడతాయి. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల జీవి. ఐస్‌లాండ్ గుర్రాలు దాని కాటు ఎరగకుండా పెరుగుతాయి. బయటి దేశానికి వచ్చాక ఒంటికి అది పడక, దురద పుట్టించే చర్మవ్యాధి మొదలవుతుంది. జూలు, తోక మొదలు ఊడిపోయేదాకా, నెత్తురు కారేదాకా చెట్టుకూ కంచెకూ రుద్దుకుంటాయి.

ఈగలున్న ప్రాంతంలో ఏ జాగ్రత్తా లేకుండా రెండేళ్లు, ఆపైన ఉన్న ఎగుమతి గుర్రాల్లో సగానికి పైగా ఈ జబ్బు బారిన పడ్డాయని పరిశోధనలు తేల్చాయి. అదే జాతి గుర్రం అదే దేశంలో పుట్టి, చిన్నప్పటి నుంచి ఆ కాటుకు అలవాటుపడితే ఈ ముప్పు 10 శాతం దాటడం లేదు. తేడా రక్తంలో లేదు, పుట్టిన చోటులో ఉంది. ఐస్‌లాండ్‌లోని కెల్దుర్ సంస్థ, స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం కలిసి దీనికి టీకా కోసం ఏళ్లుగా కృషి చేస్తున్నాయి.

మన చేతిలో ఉన్నవి మూడు జాగ్రత్తలు. ఒంటినిండా కప్పే ఈగల దుప్పటి వేయడం మొదటిది. పొద్దున్నే, సాయంత్రం ఈగలు మూగే వేళల్లో గుర్రాన్ని లోపల కట్టేయడం రెండోది. నీరు నిలిచే పల్లానికి దూరంగా, గాలి బాగా వీచే మెట్ట మీద ఉంచడం మూడోది. ఇవి వేసవి వచ్చిన ప్రతిసారీ, గుర్రం బతికినన్నాళ్లూ చేయాలి. మీరుండే చోట చెరువులు, చిత్తడి ఉండి, రోజూ రెండుసార్లు దుప్పటి మార్చే మనిషి ఇంట్లో లేకపోతే ఐస్‌లాండ్ నుంచి తెప్పించకండి. అదే దేశంలో పుట్టిన ఐస్‌లాండ్ గుర్రాన్ని కొనండి. ఆ దీవి బయట ఈ జాతి గుర్రాలు లక్షకు పైగా ఉన్నాయి.

1,000 పర్దావులకు 3: నష్టం ఎవరిది?

సముద్రం దాటే గుర్రం వల్ల వచ్చే నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్న మన నేలకు కొత్తది కాదు. విజయనగరానికి ఓర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి గుర్రాలు ఓడల్లో వచ్చేవి. పదహారో శతాబ్దంలో అక్కడున్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్ రాసినదాన్ని బట్టి, సాళువ నరసింహరాయలు మూడు గుర్రాలకు వెయ్యి పర్దావుల (ఆనాటి బంగారు నాణేల) చొప్పున, బతికున్నా చచ్చినా కొనేవాడు. దారిలో చచ్చినదానికి తోక తెచ్చి చూపితే చాలు, పూర్తి ధర. ఒక్కో గుర్రానికి 333 పర్దావులు. ప్రయాణపు నష్టమంతా కొనేవాడిదే. సైన్యానికి గుర్రాలు ఆగకుండా రావాలి కాబట్టి రాజు ఆ భారం మోశాడు.

నేటి కుటుంబానికి ఖజానా లేదు. కాబట్టి నష్టం ఏ గడప దగ్గర చేతులు మారుతుందో కాగితం మీద రాసుకోవాలి. డబ్బు కట్టిన రోజునా? కెఫ్లావిక్‌లో విమానం ఎక్కినప్పుడా? బెల్జియంలోని లియేజ్‌లో దిగినప్పుడా? ప్రయాణ బీమా ఎవరు కడతారు? ఎగుమతి వైద్య పరీక్షలో గుర్రం ఆగిపోతే బయానా వాపసు వస్తుందా? ఈ ప్రశ్నలకు రాతపూర్వక జవాబు లేని ఒప్పందం మీద సంతకం చేయకూడదు.

20 ఏళ్లు: గడ్డి లెక్క

ధర ఒక్కసారి కడతాం. పోషణ ప్రతిరోజూ చేయాలి. గుర్రానికి రోజుకు తన బరువులో 1.5 నుంచి 2 శాతం దాకా ఎండు మేత కావాలి. 350 కిలోల గుర్రానికి 5.25 నుంచి 7 కిలోలు. ఏడాదికి 1.9 నుంచి 2.55 టన్నులు. ఎనిమిదేళ్ల గుర్రాన్ని కొని 28వ ఏట సాగనంపితే 20 ఏళ్లు. అంటే 38 నుంచి 51 టన్నులు.

గిట్టలను ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి, లాడాలు ఉంటే మార్చాలి. ఏడాదికి ఏడు నుంచి తొమ్మిది సార్లు. ఇరవై ఏళ్లకు 130 నుంచి 170 సార్లు. వీటికి పళ్లు అరగదీయించడం, టీకాలు, నులిపురుగుల మందు, కొట్టం అద్దె కలపాలి. గుర్రం ఒంటరిగా బతకలేదు కాబట్టి పక్కన మరో గుర్రమైనా ఉండాలి, లేదా వేరే గుర్రాలున్న చోట మీ గుర్రాన్ని ఉంచాలి.

ఎక్కువ పెట్టడమూ ప్రమాదమే. బూడిద నేలల మీద కొద్దిపాటి గడ్డితో బతికిన వంశం జర్మనీ, హాలండ్ పచ్చికల్లో విపరీతంగా ఒళ్లు చేస్తుంది. అదే గిట్టల లోపలి పొర వాచే లామినైటిస్‌కు దారి తీస్తుంది. ముదిరితే గుర్రం నిలబడలేదు. అమెరికాలోని టెక్సాస్‌లో 1983లో రూపొందిన హెనెకీ పట్టికలో గుర్రం ఒంటిని 1 నుంచి 9 వరకు కొలుస్తారు. 5 సరైనది. 7 దాటితే మేత తగ్గించి కదలిక పెంచాలి. పక్కటెముకలు కంటికి కనబడకూడదు, చేత్తో తడిమితే తగలాలి. ఈ జాతికి ప్రేమతో పోసే దాణాయే చాలాసార్లు శత్రువు.

కొనేవాళ్లకు 7 ప్రశ్నలు

1. నమోదు సంఖ్య, చిప్, పాస్‌పోర్టు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా?
2. ఇంట్లో అందరికంటే బరువైన రౌతు, జీనుతో కలిపి, గుర్రం బరువులో ఎంత శాతం?
3. నాలుగు నడకలా, అయిదా? మీరు చూస్తుండగా అమ్మేవాళ్లు ముందు ఎక్కి చూపించారా?
4. బీడులో పట్టుకోవడం, గిట్టలెత్తడం, జీను కట్టడం, రోడ్డు మీద ఒంటరిగా నడవడం, ఈ నాలుగూ పిల్ల చేతిలో ఎలా ఉన్నాయి? వేరు వేరు రోజుల్లో చూశారా?
5. మీరు ఎంచుకున్న డాక్టరు ఎక్స్‌రేలు చూశారా?
6. ఎక్కడ పుట్టింది? ఐస్‌లాండ్‌లో అయితే మీ దగ్గర ఈగల సీజన్ ఎన్ని నెలలు?
7. మీ కుటుంబ పరిస్థితి మారితే ఈ గుర్రం ఎక్కడికి వెళ్తుంది?

అమ్మేవాళ్లకు 4 మాటలు

వీడియోలో నెమ్మదైన నడకా చూపించండి, ఎవరైనా అదుపు చేయలేని క్షణముంటే అదీ చూపించండి. అది కొనేవాళ్లకు తెలిస్తేనే గుర్రం సరైన చేతిలో పడుతుంది. ఎవరికి సరిపోదో ప్రకటనలోనే రాయండి: ‘కొత్తవాళ్లకు వద్దు’ అన్న రెండు ముక్కలు గుర్రాన్ని తప్పుడు చేతుల్లో పడకుండా కాపాడతాయి. ఈగల దేశానికి పంపుతుంటే ఆ జబ్బు గురించి మీరే ముందు చెప్పండి, దుప్పటి కూడా కలిపి అమ్మండి. గుర్రం వెళ్లాక మొదటి వేసవి ముగిసేదాకా ఫోను ఎత్తండి. గుర్రం తిరిగి రాకపోయినా, దాని అలవాట్లు తెలిసిన మనిషి మాట సాయంగా వెళ్లగలదు.

వెయ్యేళ్ల ఏకాంతంలో తయారైన ఈ జాతి ఓర్పుగా మోస్తుంది. ఆ ఓర్పే దానికి చేటు, కీలు నొప్పెడుతున్నా చాలాకాలం బయటపడదు. కాబట్టి గుర్రం చెప్పలేనిదాన్ని కాగితం చేత, ఎక్స్‌రే చేత, తూకం చేత చెప్పించాలి. పై ఏడు ప్రశ్నల్లో ఒక్కదానికి జవాబు దొరకకపోయినా కొనకండి. పిల్ల ఏడిస్తే మరో ఏడాది స్వారీ బడిలోనే ఎక్కించండి, ఆ ఏడాదిలో మీకు దగ్గరగా పుట్టి పెరిగిన, చరిత్ర తెలిసిన, పన్నెండేళ్ల నెమ్మదైన గుర్రం ఒకటి అమ్మకానికి వస్తుంది. కుటుంబానికి కావాల్సిన గుర్రం సాధారణంగా అదే.